నల్లకోటుకి ఇంటి దగ్గర సెలవు లేదు



1961 నాటి అడ్వకేట్స్ చట్టంలో 24ఎ సెక్షన్ ఉందని మనవాళ్లలో ఎంతమందికి తెలుసు? 1955 అంటరానితనం నేరాల చట్టం కింద శిక్ష పడినవాడు వకీలుగా నమోదు కాలేడు. విడుదలైన 2 ఏళ్లకి ఆ అడ్డు తొలగిపోతుంది, అది ఇంకో కథ.

మరి ముందే నల్లకోటు వేసుకున్నవాడి సంగతి? మా జిల్లాలో ఒక ప్లీడరు కోర్టులో మా తరఫున వాదిస్తాడు, ఇంటికెళ్తే మాకు వేరే గ్లాసులో టీ ఇప్పిస్తాడు. "ఇంటి సంగతి మనకెందుకు బావూ, కేసు గెలిపిస్తే చాలదా?" అన్నాడు మా పేట పెద్దాయన.

చాలదు. 35వ సెక్షన్ వృత్తిలో చేసిన తప్పు దగ్గరే ఆగలేదు, 'ఇతర దుష్ప్రవర్తన' అని కూడా రాసింది. తప్పు రుజువైతే బార్ కౌన్సిల్ క్రమశిక్షణ కమిటీ మందలించొచ్చు, సస్పెండ్ చెయ్యొచ్చు, రోల్ నుంచి పేరే తీసెయ్యొచ్చు. కులం పాటించడం అందులోకి రాదని ఎవరైనా అంటే 24ఎ చూపించండి. వృత్తిలోకి రాకుండా ఆపే నేరం, వచ్చాక సొంత విషయం ఎలా అవుతుంది?

2012 జూన్ 12న లక్షింపేటలో అయిదుగురు మనవాళ్లను చంపారు. అలాంటి కేసు కాగితాలు పట్టుకుని మనం వెళ్లేది ప్లీడరు ఇంటికే. అక్కడ మనుషులం కానివాళ్లం కోర్టులో ఎలా అవుతాం?

బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు రాయడం నేర్చుకుందాం.

జై భీమ్.