సన్నటి ధార

ఉగాదికి తెనాలి వెళ్ళినప్పుడు, బాత్రూంలో పంపు తిప్పి, బకెట్ నిండేలోపు ఫోన్లో ఒక చిన్న పుస్తక సమీక్ష చదివేశాను. సమీక్ష అయిపోయింది. బకెట్ సగానికి కూడా రాలేదు.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా వస్తున్నాయమ్మా?"

"ఇల్లు పాతబడింది కదరా. నాకేం తొందర? ఆఫీసుకెళ్ళాలా, కాలేజీకెళ్ళాలా?"

రాత్రి చూస్తే అర్థమైంది ఆ తొందర లేకపోవడం ఎలా సాధ్యమవుతోందో. పడుకునే ముందు మూడు బకెట్లు, రెండు బిందెలు పట్టుకుని మూతలు పెడుతోంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులతో, ఒక్కో బకెట్‌నీ కాలితో కొంచెం కొంచెం జరుపుకుంటూ.

మా చుట్టాలందరికీ నేను ఇంజనీర్ని. చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేరు. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో నాకొచ్చినవి యాభై రెండు మార్కులు. అయినా నాలుగు రోజులు సెలవుంది, పట్టుకుందాం అనుకున్నాను. నెట్‌లో వెతికితే ముందు అమెరికా వాళ్ళ జవాబులొచ్చాయి. ఇంటికి 40 నుంచి 60 పిఎస్ఐ ప్రెషర్ ఉండాలట. లేకపోతే ప్రెషర్ రెగ్యులేటర్ చూసుకోవాలట. మన డాబా ఇంటికి రెగ్యులేటర్ ఎక్కడిది? సంపులోంచి మోటారు పైకి తోస్తుంది, పైనుంచి కిందికి భూమ్యాకర్షణ తెస్తుంది, అంతే. పది మీటర్ల ఎత్తు నీళ్ళుంటే సుమారు ఒక బార్, అంటే 14 పిఎస్ఐ చిల్లర. మా సింటెక్స్ ట్యాంకు అడుగు నుంచి బాత్రూం పంపుకి టేపు పట్టి కొలిస్తే మూడున్నర మీటర్లు. 5 పిఎస్ఐ. అమెరికా వాడి 40 కావాలంటే ట్యాంకుని తొమ్మిదంతస్తుల మేడ మీద పెట్టాలి.

కాబట్టి ఆ అంకెలు పక్కన పెట్టి, పదిహేను లీటర్ల బకెట్, ఫోన్లో స్టాప్‌వాచ్ తీసుకున్నాను. బాత్రూం: 6 నిమిషాల 40 సెకన్లు. వంటిల్లు: 5 నిమిషాలు. దొడ్లో పంపు: 1 నిమిషం 10 సెకన్లు. దొడ్లో పంపు ట్యాంకు నుంచి దిగే గొట్టానికే ఉంది. అంటే ట్యాంకుకీ, ఆ గొట్టానికీ దోషం లేదు. ఇంట్లోకి మళ్ళిన తర్వాతే ఏదో జరుగుతోంది. బాత్రూం పంపు ఊడదీసి చూశాను, ఉత్త గొట్టంలోంచి కూడా అదే సన్నటి ధార. పంపు నిర్దోషి.

తర్వాత చేసిన పని మాత్రం నాకు భలే నచ్చింది. వీధి చివర ఇల్లు కడుతున్న మేస్త్రీల దగ్గర లెవెల్ ట్యూబు అడిగి తెచ్చాను. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గొట్టం, గోడల మట్టం చూసుకోవడానికి వాడతారు. దాన్ని బాత్రూం పంపుకి బిగించి, రెండో కొస కిటికీలోంచి బయటికి తీసి, నిచ్చెనెక్కి డాబా మీదికి పట్టుకెళ్ళాను. ఇంట్లో పంపులన్నీ కట్టేసి ఉన్నాయి. ట్యూబులో నీళ్ళు మెల్లగా, చాలా మెల్లగా పైకొచ్చి, సరిగ్గా ట్యాంకులో నీళ్ళ మట్టం దగ్గర ఆగాయి. ప్రెషర్ ఉండాల్సినంతా ఉంది! లేనిది ప్రవాహం. నీళ్ళు నిలబడి ఉన్నంతసేపూ దారిలో అడ్డు ఉన్నా తెలియదు. కదిలినప్పుడే తెలుస్తుంది. (నేను రాసే సమీక్షల్లో 'ప్రవాహంలాంటి శైలి' అనే మాట కనీసం నాలుగుసార్లు వాడి ఉంటాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తోంది.)

ఆఫీసులో ఏదైనా పని చెయ్యకపోతే మేం అడిగే మొదటి ప్రశ్న, చివరిసారి ఏం మార్చారు అని. అది అమ్మని అడగడానికి నాకు రెండు రోజులు పట్టింది.

"వంటింటి గట్టుకి టైల్స్ వేయించాం కదా, ఆ తర్వాత మరీ సన్నబడ్డాయి" అంది, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ. "నీతో ఫోన్లో చెప్పాను కూడా." చెప్పే ఉంటుంది.

మర్నాడు ప్లంబర్ వచ్చాడు. నాన్న ఉన్నప్పట్నుంచీ ఈ ఇంటికి తిరిగిన మనిషి. సింకు కింద చెక్క తలుపు తీసి, గోడలోకి ఉన్న గేట్ వాల్వు పట్టుకుని తిప్పాడు. అది తిరుగుతూనే ఉంది, ఎటు తిప్పినా. "గేటు ఊడి కింద పడిపోయింది బాబూ, లోపల. ఇరవై ఏళ్ళు కదపని వాల్వుని టైల్స్ వాళ్ళు గట్టిగా కట్టి ఉంటారు. మళ్ళీ తిప్పితే పిడి ఒక్కటే తిరిగింది, గేటు రాలేదు."

కొత్త వాల్వు వేశాక బాత్రూం బకెట్ 4 నిమిషాలకొచ్చింది. మెరుగే, కానీ ఇంకా నాలుగు నిమిషాలే. వాల్వు దాటాక గోడలోకి వెళ్ళే జి.ఐ. పైపుని అడుగు ముక్క కోశాడు. 1987లో నాన్న వేయించిన అరంగుళం పైపు. బయట బాగానే ఉంది. లోపల ఎర్రటి తుప్పు పొక్కులు పొక్కులుగా పెరిగి, దాని మీద ఉప్పు నీళ్ళ గార. నా పెన్సిలు బిగుతుగా పట్టింది. ఇలాంటి పైపులో వ్యాసం సగమైతే నీళ్ళు సగం కావు, దాదాపు ఆరో వంతుకి పడిపోతాయి. అంటే ముప్ఫై ఏళ్ళుగా ఈ ఇల్లు నెమ్మదిగా పూడుకుపోతూనే ఉంది. టైల్స్ పని దానికి చివరి తోపు.

ఆ ముక్క చూసినప్పుడు నేను సంతోషించాను. ఇది రాయకుండా దాటేద్దామనే అనుకున్నాను. నాన్న పోయి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళూ అమ్మని హైదరాబాద్ రమ్మని అడుగుతూనే ఉన్నాం. ఏడో అంతస్తు, లిఫ్టు, షవరు తిప్పితే జోరుగా నీళ్ళు. తను రాదు. ఇప్పుడు నా చేతిలో ఒక రుజువు ఉంది, తుప్పు పట్టిన అడుగు ముక్క. పెరట్లోకెళ్ళి మా ఆవిడకి ఫోన్ చేసి, "పైపులన్నీ పోయాయి, ఇంక అమ్మ రాక తప్పదు" అన్నాను. లోపలికొచ్చాక అమ్మ "ఎంతవుతుందట?" అని అడిగితే, "గోడలూ గచ్చూ మొత్తం పగలగొట్టాలమ్మా" అన్నాను. ఎవరూ ఆ మాట చెప్పలేదు నాకు.

ప్లంబర్ చేతులు కడుక్కుంటూ విన్నాడు. "పగలగొట్టడం ఎందుకు బాబూ? పాత లైను అలాగే వదిలేసి, బయట గోడ మీద నుంచి సి.పి.వి.సి. లాగేద్దాం. రెండ్రోజుల పని. కాకపోతే పైపు బయటికి కనిపిస్తుందమ్మగారూ, సారుకి అది గిట్టేది కాదు."

నిజమే. గోడ మీద పైపు కనపడితే ఇల్లు పేగులు బయటేసుకున్నట్టుంటుందని నాన్న అనేవాడు.

అమ్మ నావైపు ఒకసారి చూసింది. నన్నేమీ అనలేదు. "కనపడితే కనపడనీ" అని ప్లంబర్‌తో చెప్పి, టీ పెట్టడానికి వెళ్ళింది.

సెలవు ఇంకో రోజు పొడిగించుకున్నాను. రెండో రోజు సాయంత్రానికి బాత్రూం బకెట్ 1 నిమిషం 25 సెకన్లు. తెల్లగోడ మీద లేత పసుపు పైపు, రెండు మూలల దగ్గర వంకలు తిరిగి, చూడ్డానికి అంత బాగా లేదు. ఎండ తగలకుండా దానికి రంగు వేయించమన్నాడు ప్లంబర్. ఏ రంగో అమ్మ ఇంకా తేల్చలేదు.

పది రోజుల తర్వాత ఫోన్ చేసింది. మోటారు ఇదివరకు రోజుకి ఒకసారి వేస్తే సరిపోయేదట, ఇప్పుడు రెండుసార్లు వెయ్యాల్సొస్తోందట. పంపు తిప్పి పూలు కోసుకొద్దామని వెళ్తే ఈలోపు బకెట్ పొర్లిపోతోందట. "ఎండలు ముదిరితే బోరు ఏమంటుందో మరి" అంది.

బోరు లోతెంతో అడిగాను. నాన్నకి తెలుసంది.