అర్థంకాని సినిమా... అరిగిపోయిన టేపు!

కథేంటని అడిగితే చెప్పలేరు. ఎందుకు దాచుకున్నారని అడిగితే మాత్రం గంటసేపు చెబుతారు. వింత సినిమాలు పోగుచేసేవాళ్లంతా అంతే! వాళ్ల బీరువాలో సూపర్‌హిట్లు కనిపించవు. ఏ హాల్లోనూ ఆడనివి, కల్లో సంఘటనల్లా తలాతోకా లేకుండా సాగేవి ఉంటాయి.

'ఓం దర్ బ దర్' సంగతే చూడండి. కమల్ స్వరూప్ 1988లో పూర్తిచేసిన హిందీ సినిమా ఇది. అజ్మీర్ కుర్రాడు ఓం ఊపిరి బిగబట్టడంలో దిట్ట. తండ్రి జ్యోతిషం చెబుతుంటాడు. మధ్యలో కప్పలూ వజ్రాలూ వస్తాయి. దేనికి ఏది సంబంధమో చూసేవాళ్లే తేల్చుకోవాలి. ఎన్‌ఎఫ్‌డీసీ డబ్బు పెట్టింది, బెర్లిన్ చిత్రోత్సవంలో చూపించారు. మన థియేటర్లకు మాత్రం రాలేదు. మరి అన్నేళ్లు బతికిందెలా? వీడియో టేపుల మీద! కాపీకి కాపీ తీసేకొద్దీ బొమ్మ మసకబారుతుంది, మాట గరగరలాడుతుంది. అయినా టేపు చేతులు మారుతూనే వచ్చింది.

ఏమిటా మోజు? హిట్ సినిమా చూస్తే కోట్లమందిలో ఒకరు. దొరకని సినిమా చూస్తే పదిమందిలో ఒకరు. ఆ గర్వం కొంత ఉంటుంది. అంతకన్నా పెద్దది ఇంకోటుంది. అర్థమైపోయిన కథ ఒక్కసారితో తీరిపోతుంది. అర్థంకానిది మళ్లీమళ్లీ పిలుస్తుంది.

భయమూ ఉంది... తాను పారేస్తే ఇంకెక్కడా మిగలదేమోనని. అది ఉత్తి భయమేం కాదు. జపాన్ దర్శకుడు కినుగాస 1926లో పిచ్చాసుపత్రి నేపథ్యంగా 'ఎ పేజ్ ఆఫ్ మ్యాడ్‌నెస్' తీశాడు. తర్వాత అది పోయిందనే అంతా అనుకున్నారు. చివరికి 1971లో ఆయన సొంత సామాన్ల కొట్లోనే బయటపడింది!

'ఓం దర్ బ దర్' 2014 జనవరిలో బాగుచేసిన ప్రింటుతో థియేటర్లకొచ్చింది. ఆ రోజుతో మసక టేపుకు పని లేకుండా పోయింది. అన్నాళ్లూ దాచినవాళ్లకు అది సంతోషమా, బాధా? రెండూనేమో! గుప్పెడుమందిదే అనుకున్నది అందరిదీ అయిపోయింది మరి. కానీ ఆ టేపులే చేతులు మారకపోతే, 26 ఏళ్ల తర్వాత ఆ పేరు విని టికెట్టు కొనేదెవరు? సినిమాను దాచినవాళ్లే దానికి ప్రేక్షకుల్నీ దాచిపెట్టారు.

ఇప్పుడు ఆ టేపు వేస్తే బొమ్మ పడుతుందో లేదో. పారేయమంటే మాత్రం చేతులు రావు!