ఆ నంబరు ఎవరి పేరున ఉంది?

మా ఊరిలో పాత ట్రాక్టరు కొన్నవారున్నారు, పాత మోటారు సైకిలు కొన్నవారున్నారు. వాటిలో సగం బండ్లు నేటికీ అమ్మినవారి పేరునే తిరుగుతున్నాయి. "డబ్బిచ్చాం, తాళం తీసుకున్నాం, ఇంకేం కావాలి?" అనేది మన పల్లెల్లో వాడుక. మేము కూడా ఆ మాట మీదనే 2024 జూలైలో ఒక పాత డ్రోను కొన్నాము.

మాకు ఆరెకరాల మాగాణి ఉంది. మరో నాలుగెకరాలు కౌలుకు చేస్తున్నాము. మందు కొట్టడానికి మనుషులు దొరకడం ఏటేటా కష్టమవుతోంది. వీపున ట్యాంకు మోసుకుని ఎకరానికి పది ట్యాంకులు కొట్టి ఇంటికి వచ్చిన మనిషికి ఆ రాత్రి అన్నం సయించదని ఆ పని చేసిన ప్రతి ఇంటికీ తెలుసు. మా పెద్దబ్బాయి డ్రోను నడపడం నేర్చుకుని రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. పదో తరగతి ప్యాసై, 18 ఏళ్లు నిండి 65 దాటనివారు ఎవరైనా ఆ శిక్షణకు వెళ్లవచ్చు. కొత్త డ్రోను కొనే శక్తి మాకు లేదు. అలాంటి సమయంలో తెనాలి వైపు ఒక అబ్బాయి, తనకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చిందని, రెండు సీజన్లు వాడిన పది లీటర్ల ట్యాంకు డ్రోనును అమ్ముతున్నాడని తెలిసింది. బేరం రూ.2,10,000కు తెగింది. నాలుగు జతల బ్యాటరీలు, ఛార్జరు, రిమోటు, బీమా కాగితం అన్నీ అప్పగించాడు. స్టాంపు కాగితం మీద రాసుకుని ఇరువైపులా సంతకాలు చేశాము. ఆ కాగితాన్ని మేము తెచ్చుకుని ట్రంకు పెట్టెలో పెట్టుకున్నాము. అతనికి ఒక నకలు ఇవ్వాలన్న ఆలోచన మాకు రాలేదు, అడగాలన్న ఆలోచన అతనికీ రాలేదు.

అయితే అతను ఒక మాట అన్నాడు. "బాబాయ్ గారూ, ఆన్‌లైనులో కూడా పేరు మార్పించుకుందాం. నంబరు నా పేరున ఉంది" అన్నాడు. నెట్ సెంటరుకు వెళ్లి చూశాము. అక్కడ పాస్‌పోర్టు నంబరు అడిగింది. మా ఇంట్లో ఎవరికీ పాస్‌పోర్టు లేదు. పొలం మీద పది అడుగుల ఎత్తున ఎగిరేదానికి పాస్‌పోర్టు ఏమిటని నవ్వుకున్నాము. నాట్లు ముంచుకొస్తున్నాయి. తరువాత చూద్దాంలే అనుకుని ఎవరి దారిన వారు వెళ్లాము.

ఆ నంబరు సంగతి అప్పుడు మాకు సరిగా తెలియదు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం, మినహాయింపు ఉన్నవి తప్ప ప్రతి డ్రోనుకూ ఒక విశిష్ట గుర్తింపు సంఖ్య ఉండాలి. దానినే యు.ఐ.ఎన్. అంటారు. బండికి నంబరు ప్లేటు ఎలాగో ఇదీ అలాగే. కాకపోతే బండి కన్నా ఒక మెట్టు ఎక్కువ. డ్రోను సీరియల్ నంబరు, లోపల దానిని నడిపే కంట్రోలు యూనిట్ నంబరు, చేతిలోని రిమోటు నంబరు, ఈ మూడూ ఆ సంఖ్యకు ముడిపడి ఉంటాయి. ఆ సంఖ్య ఎవరి పేరున ఉంటే ప్రభుత్వం దృష్టిలో యజమాని అతనే. ట్రంకు పెట్టెలోని స్టాంపు కాగితాన్ని ఆకాశంలో ఎవరూ చదవరు.

ఆగస్టు రెండో వారంలో వరిలో వెడల్పాకు కలుపు పెరిగింది. మా పొలం పక్కన నలభై సెంట్లలో ఒక పెద్దాయన బెండ వేసుకున్నారు. ఆయనా కౌలుదారే. రోజు విడిచి రోజు కాయ కోసి బజారుకు పంపితేనే ఆ ఇల్లు గడుస్తుంది. ఆ ఉదయం గాలి ఉంది. ఉందని మాకు తెలుసు. కలుపు మందును డ్రోనుతో కొట్టడమే సాహసం, అందులో గాలిలో కొట్టడం మా తొందరపాటు, ఇంకేమీ కాదు. నాలుగైదు రోజులకు ఆ బెండ ఆకులు సన్నబడి, వేళ్లలా ముడుచుకుపోయాయి. మా వరి మాత్రం పచ్చగానే ఉంది.

ఆయన మా దగ్గరకు రాలేదు. మేము అటు వెళ్లి పలకరించలేదు. చూసీ చూడనట్టు గట్టు మీద నడిచామని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఆయన మనవడు డ్రోను మీదున్న నంబరునూ, దాని రెక్క మీద రంగుతో రాసి ఉన్న ఫోను నంబరునూ ఫోటో తీసుకుని పోలీసు స్టేషనులో ఇచ్చాడు. స్టేషను నుంచి ఫోను వెళ్లింది ఆ తెనాలి అబ్బాయికి. అతను డ్యూటీలో ఉండి ఎత్తలేదు. అప్పుడు వాళ్లింటికి కబురు వెళ్లింది. కొడుకు ఏం చేశాడోనని వాళ్లమ్మ గారు ఆ పూట అన్నం తినలేదట.

మరునాడు తెల్లవారుజామున బస్సు దిగి అతను మా గుమ్మంలో నిలబడ్డాడు. కోప్పడలేదు. లోపలికి రమ్మన్నా రాలేదు. "పిన్ని గారూ, నేను హైదరాబాదులో ఉంటే నా డ్రోను ఇక్కడెలా ఎగిరిందని అడుగుతున్నారు. అమ్మేశానని చెబితే కాగితం చూపించమన్నారు. నా దగ్గర కాగితం ముక్క కూడా లేదు" అన్నాడు. ట్రంకు పెట్టె తెరిచి ఆ స్టాంపు కాగితం బయటకు తీస్తుంటే మా చేతులు వణికాయి.

అందరం కలిసి ముందు స్టేషనుకు, అక్కడ నుంచి పెద్దాయన ఇంటికి వెళ్లాము. ఎందుకు మమ్మల్ని అడగలేదు అంటే ఆయన చెప్పిన మాట ఇది: "అడిగితే అది మాది కాదంటారేమోనని భయపడ్డానయ్యా. కాగితాల్లో మీది కాదుగా." ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఎన్ని కోతలు పోయాయో ఆయనే లెక్క చెప్పారు. ఆ లెక్కకు బేరమాడకుండా డబ్బిచ్చాము. ఫిర్యాదు ఆయన వెనక్కు తీసుకున్నారు.

ఆ రోజుల్లోనే ఒక మేలు జరిగింది. 2024 ఆగస్టులో కేంద్రం నిబంధనలు సవరించి, పాస్‌పోర్టు లేనివారు ఓటరు కార్డు గాని, రేషను కార్డు గాని, డ్రైవింగ్ లైసెన్సు గాని చూపించి డ్రోనును నమోదు చేసుకోవచ్చనీ, పేరు మార్చుకోవచ్చనీ చెప్పింది. మన పల్లె ఇళ్లలో రేషను కార్డు లేనిదెవరికి?

సెప్టెంబరులో ఆ అబ్బాయి మళ్లీ సెలవు పెట్టుకుని వచ్చాడు. పేరు మార్పు కోసం డి-3 అనే ఫారం ఉంది. అమ్మినవారి వివరాలు, కొన్నవారి వివరాలు, డ్రోను సంఖ్య రాసి వంద రూపాయలు కట్టాలి. నిబంధనల్లో ఆ వేదిక పేరు డిజిటల్ స్కై. ఇప్పుడు ఈ పనులు విమానయాన శాఖ వారి ఈజీసీఏ వేదికకు మారాయి. అరగంటలో అయిపోతుందనుకున్నాము. తీరా చూస్తే చేతిలోని రిమోటు నంబరూ, రికార్డులోని రిమోటు నంబరూ కలవలేదు. మొదటి రిమోటు వానలో తడిసి పాడైతే మరొకటి తెప్పించుకున్నాడట. మార్చిన వారం రోజుల్లోగా కొత్త నంబరు నమోదు చేయాలని నియమం. అతను చేయలేదు. "నాదీ తప్పుంది బాబాయ్" అని తల దించుకున్నాడు. నిజం చెప్పాలంటే, ఆ మాట విని మాకు కాస్త తేలికనిపించింది! ఆ నంబరు సరిచేయడానికే పది రోజులు పట్టింది.

పాత డ్రోను కొనాలనుకునే కుటుంబాలు అందుకే డబ్బు లెక్కపెట్టక ముందు ఆ మూడు నంబర్లూ రికార్డుతో కలిపి చూసుకోవాలి. ఆ మోడలుకు టైపు సర్టిఫికెట్ ఉందో లేదో అడగాలి. అది లేని వ్యవసాయ డ్రోను ఎంత చవకగా వచ్చినా దానికి నంబరు పుట్టదు. నియమం తప్పితే లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. బీమా కూడా అమ్మినవారి పేరునే ఉండిపోతుందని మాకు చివరిదాకా తోచలేదు. ఎదుటివారికి నష్టం జరిగితే ఆదుకునే థర్డ్ పార్టీ బీమా ఇంత డ్రోనుకు తప్పనిసరి. దానినీ మా పేరుకు మార్పించుకున్నాము.

మార్పు పూర్తయిందని లావాదేవీ సంఖ్య వచ్చిన సాయంత్రం ఆ అబ్బాయి మా అరుగు మీద కూర్చుని, గుడ్డకు కాస్త థిన్నరు అద్ది, డ్రోను రెక్క మీదున్న తన ఫోను నంబరును ఒక్కొక్క అంకే తుడిచాడు. మా అబ్బాయి అక్కడే మా నంబరు రాశాడు. రంగు ఆరేదాకా ఉండి, రాత్రి బస్సుకు వెళ్లాడు. వాళ్లమ్మ గారికి ఫోను చేసి, ఇక మీ నంబరుకు ఎవరూ చేయరమ్మా అని మేమే చెప్పాము.