టీవీ పైకెక్కింది, నోట్సులు మునిగిపోయాయి

మా పెళ్లిలో అయ్యగారు ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయం చదివారు. భార్యలు లోబడి ఉండాలనే మాట రాగానే నా ఫ్రెండ్స్ ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత భర్తల వంతు వచ్చింది. అది ఎవరూ విన్నట్టే లేదు, నాతో సహా. నిజానికి అక్కడ భార్యలకు చెప్పింది మూడు వచనాలే. భర్తలకు చెప్పింది అంతకు రెట్టింపు పైనే!

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచేసింది. మాది గ్రౌండ్ ఫ్లోర్. పాపకి అప్పుడు ఎనిమిది నెలలు. చంటిదాన్ని ఎత్తుకుని నా భార్య పైన ఓనర్ గారింటికి వెళ్లింది. నేను మెట్లెక్కుతూ దిగుతూ సామాన్లు చేరేశాను. టీవీ, లాప్‌టాప్, మిక్సీ, బియ్యం మూట, నా సర్టిఫికెట్ల ఫైలు. నీళ్లు నడుం దాటాక ఇక దిగలేదు.

మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటిందని విన్నాం. కరెంటు లేదు, ఫోన్లు ఆఫ్. మూడో రోజు ఛాతీ లోతు నీళ్లలో నడిచి వెళ్లి పాపకి నాలుగు పాల ప్యాకెట్లు తెచ్చాను. నీళ్లు తీశాక చర్చిలో సాక్ష్యం చెప్పాను. ‘తండ్రంటే నువ్వే బ్రదర్’ అన్నారందరూ. గాల్లో తేలిపోయాను.

ఇల్లు కడిగే రోజున బీరువా కింది అరలోంచి ఆరు లాంగ్ నోట్‌బుక్స్ బురద ముద్దలై బయటికొచ్చాయి. పెళ్లికి ముందు అవనిగడ్డలో డీఎస్సీ కోచింగ్‌కి వెళ్లినప్పుడు తను చేత్తో రాసుకున్నవి. డాబా మీద కూర్చుని ఒక్కో పేజీ విడదీస్తోంది. అక్షరాలన్నీ అలుక్కుపోయాయి.

“పోన్లే, పీడీఎఫ్‌లు దొరుకుతాయి” అన్నాను.

తలెత్తి చూసింది. “టీవీ గుర్తొచ్చింది కదండీ మీకు” అంది. కాసేపాగి, “పాప కోసం వరదలో దిగారు, కాదనను. కానీ రాత్రి రెండింటికి అదే పాప ఏడిస్తే అటు తిరిగి పడుకుంటారు” అంది.

కోపం వచ్చింది. జవాబు మాత్రం రాలేదు. వరద ఒకసారి వచ్చింది. రాత్రి రెండు రోజూ వస్తుంది. అందరూ చూసే త్యాగం చేశాను. ఎవరూ చూడనిది తనకి వదిలేశాను.

2025 ఏప్రిల్‌లో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ పడింది, 16,347 పోస్టులు. ఆ రోజు నుంచి రాత్రిళ్లు పాప నా డ్యూటీ. పొద్దున్నే వంట, గిన్నెలు ముగించి ఆటోనగర్‌లో పనికి పోయేవాణ్ని. ఊరి నుంచి వచ్చిన మా అమ్మ, “మగాడివి, నీకిదేం ఖర్మరా” అంది. “యేసు ప్రభువు శిష్యుల కాళ్లు కడిగాడు కదమ్మా, నావి గిన్నెలేగా” అన్నాను. అమ్మ నవ్వలేదు కానీ, మర్నాడు కూరగాయలు తరిగి పెట్టింది.

తనకి ఉద్యోగం రాలేదు.

ఆ సంగతి తెలియగానే నా మనసులో వచ్చిన మొదటి మాట చెబితే సిగ్గుచేటు. ‘ఇంత చేశానే!’ అనుకున్నాను. అంటే అన్నాళ్లూ నేను ఇచ్చింది ప్రేమ కాదు, అప్పు. వడ్డీ కోసం చూస్తున్నాను. క్రీస్తు తనను తాను ఇచ్చేసుకున్నాడని ప్రతి ఆదివారం పాడతాను. ఆయన రసీదు అడగలేదన్న సంగతి ఆ రోజు తట్టింది.

ఏమీ అనకుండా వెళ్లి టీ పెట్టి ఇచ్చాను. గ్లాసు పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత, “మళ్లీ రాస్తానండీ” అంది.

మర్నాడు ఆరు కొత్త నోట్‌బుక్స్ కొనుక్కొచ్చి బీరువా పై అరలో పెట్టాను. పాపకి ఇంకా రాత్రి రెండింటికే మెలకువ వస్తోంది. నేనే లేస్తున్నాను. కొన్నిసార్లు విసుక్కుంటూనే.