బోర్డు మీద రెండో పేరు



మన బ్రాంచిలో రిసెప్షన్ దాటి మెట్లెక్కబోతుంటే కుడిచేతి గోడ మీద ఉండే బోర్డు మీకు తెలుసు. అడ్మిషన్ కోసం మొదటిసారి వచ్చిన రోజు మీలో చాలామంది అక్కడ ఓ నిమిషం ఆగే ఉంటారు. పదో తరగతి మార్కులు, ఒలింపియాడ్ ర్యాంకులు, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు. నేను ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వచ్చిన రోజు కూడా, లోపలికి పిలిచేదాకా ఆ ఫోటోలే చూస్తూ కూర్చున్నాను. ఈ ఏడాది దాని పక్కనే ఆటలకూ ఒక బోర్డు పెడుతున్నారు. ఇక్కడ చదివి వెళ్లి, ఇప్పుడు కాలేజీ జట్లలో, యూనివర్సిటీ జట్లలో ఆడుతున్న పిల్లల పేర్లు అందులో ఉంటాయి. పైన ‘హాల్ ఆఫ్ ఫేమ్’ అని రాయిస్తారు.

“ఇంగ్లీషు మాట కదా, ఇంగ్లీషు టీచరే చూసుకోవాలి” అని ప్రిన్సిపాల్ గారు ఆ పని నాకు అప్పజెప్పారు. స్టాఫ్ రూంలో అందరూ నవ్వారు. చిన్నప్పుడు లెమన్ అండ్ స్పూన్‌లో మూడో బహుమతిగా వచ్చిన స్టీలు గిన్నె తప్ప నాకు ఆటలతో ఏ సంబంధమూ లేదని వాళ్లకు తెలుసు. ఆ గిన్నెలో మా అమ్మ ఇప్పటికీ పెరుగు తోడేస్తుంది.

నాకిచ్చిన షీట్‌లో నాలుగు కాలమ్స్ ఉన్నాయి. పేరు, ఆట, స్థాయి, సంవత్సరం. పాత రిజిస్టర్లలో నంబర్లు వెతికి సాయంత్రాలు ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. విజయనగరంలో డిగ్రీ చదువుతూ ఖోఖో ఆడుతున్న అమ్మాయి, విశాఖలో ఇంజనీరింగ్ చేస్తూ వాలీబాల్ ఆడే అబ్బాయి, డిగ్రీ మధ్యలో ఆర్మీకి సెలక్ట్ అయిపోయిన ఇంకో అబ్బాయి. వీళ్లెవరికీ నేను పాఠం చెప్పలేదు, నేను చేరేసరికే వెళ్లిపోయారు. అందరూ మర్యాదగా మాట్లాడారు. అందరూ మొదట అడిగింది మాత్రం ఒకటే. “మేడమ్, సార్ ఇంకా అక్కడే ఉన్నారా?”

ఏ సార్ అని అడగాల్సి వచ్చింది. వాళ్లు అడిగేది పి.ఇ.టి. సార్ గురించి.

వాలీబాల్ అబ్బాయి ఇంకో అడుగు ముందుకేశాడు. “బోర్డులో సార్ పేరు కూడా వేస్తున్నారా మేడమ్?” అన్నాడు. షీట్ చూశాను. కాలమ్ లేదు. “కనుక్కుని చెప్తాను నాన్నా” అని పెట్టేశాను.

హాల్ ఆఫ్ ఫేమ్ అనే మాటను మనం ఎక్కడ పడితే అక్కడ వాడేస్తున్నాం గానీ, అమెరికా కాలేజీల్లో దానికి ఒక పద్ధతి ఉంది. చాలా కాలేజీలకు సొంతంగా ఒకటి ఉంటుంది. ఆట బాగా ఆడినంత మాత్రాన వెంటనే పేరు ఎక్కించరు. చాలాచోట్ల చదువు ముగిసి కొన్నేళ్లు గడిస్తే గానీ పరిశీలనకే తీసుకోరు. ఆ తర్వాత ఒక సాయంత్రం పాత క్రీడాకారుల్ని కుటుంబాలతో సహా పిలిచి, భోజనం పెట్టి, గోడ మీద ఫలకం బిగిస్తారు. ఒక్కోసారి మొత్తం జట్టుకే ఆ గౌరవం దక్కుతుంది. వాళ్లను తయారుచేసిన కోచ్‌లకూ అదే వేదిక, అదే గోడ. మనమేమో ఫలితాలొచ్చిన సాయంత్రానికే ఫ్లెక్సీ కట్టేస్తాం, మరుసటి ఏడాది దాని మీదే ఇంకో ఫ్లెక్సీ కట్టేస్తాం. మన ఏడు రోడ్ల జంక్షన్‌లో ఓసారి నిలబడి చూడండి, తెలుస్తుంది.

బాస్కెట్‌బాల్‌కు అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పెద్ద హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. దానికి జేమ్స్ నైస్మిత్ పేరు పెట్టారు. ఎవరీయన అని చూస్తే, 1891 చలికాలంలో బయట ఆడలేక విసిగిపోయిన కుర్రాళ్ల కోసం జిమ్ లోపల ఆడే ఆటను కనిపెట్టిన వ్యాయామ ఉపాధ్యాయుడు. అంటే ఒక పి.ఇ.టి.

ఇది చదివి ఆహా అనుకుంటుంటే, మన ఊరి సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది. శ్రీకాకుళం వాళ్లకు కోడి రామ్మూర్తి స్టేడియం ఎక్కడుందో చెప్పక్కర్లేదు. వీరఘట్టంలో పుట్టిన రామ్మూర్తి నాయుడు గారు ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచేవారనీ, ఏనుగును గుండెల మీద ఎక్కించుకునేవారనీ, కలియుగ భీముడని బిరుదు పొందారనీ మా తాతయ్య చెప్పగా విన్నాను. తాతయ్య చెప్పనిది ఒకటుంది. రామ్మూర్తి గారు మద్రాసు వెళ్లి సైదాపేటలో ఏడాదిపాటు వ్యాయామ శిక్షణ తీసుకుని, సర్టిఫికెట్ పట్టుకుని తిరిగొచ్చి, విజయనగరంలో తాను చదివిన హైస్కూల్లోనే వ్యాయామ శిక్షకుడిగా చేరారు. సర్కస్, బిరుదులు, దేశదేశాల పేరు ఆ తర్వాత. ఆ స్టేడియం ముందు నుంచి ఎన్నిసార్లు ఆటోలో వెళ్లానో లెక్కలేదు. గేటు మీద ఉన్నది ఒకప్పటి పి.ఇ.టి. సార్ పేరని ఇన్నేళ్లూ నాకు తట్టలేదు.

మర్నాడు తొమ్మిదో తరగతిలో ఒక ప్రశ్న వేశాను. కరణం మల్లీశ్వరి ఎవరు? చేతులన్నీ లేచాయి. మన ఊసవానిపేట అమ్మాయి, ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో, 69 కిలోల విభాగంలో, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చారు. చివరి ప్రయత్నంలో బంగారం కోసం 137.5 కిలోలకు వెళ్లి అందుకోలేకపోయారు. బంగారానికీ ఆమెకూ మధ్య తేడా రెండున్నర కిలోలే. అంతకుముందే 1994లో, 1995లో ప్రపంచ ఛాంపియన్. ఇవన్నీ పిల్లలే చెప్పారు, కిలోల లెక్క మాత్రం నేను చెప్పాను. ఆ తర్వాత ఇంకో ప్రశ్న వేశాను. నీలంశెట్టి అప్పన్న ఎవరు?

ఒక్క చెయ్యి లేచింది. ఆమదాలవలస వైపు నుంచి బస్సులో వచ్చే కుర్రాడు. “మల్లీశ్వరి గారి కోచ్ మేడమ్. మా తాత చెప్పాడు.” మిగతా పిల్లల్ని ఏమీ అనలేను. ముందు రోజు రాత్రి చదివేదాకా నాకూ తెలియదు. పన్నెండేళ్ల పిల్ల చేతికి మొదట బరువు ఇచ్చి, పాదాలు ఎలా పెట్టాలో, ఊపిరి ఎప్పుడు బిగించాలో చూపించిన మనిషి ఒకరు ఉంటారు కదా అని కూడా ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇది నా ఒక్కదాని మతిమరుపు కాదులెండి. మన దేశంలో ఆటగాళ్లకు అర్జున అవార్డు 1961లో పెట్టారు. కోచ్‌లకు ద్రోణాచార్య అవార్డు 1985లో వచ్చింది. గెలిచినవాళ్ల వెనక గెలిపించినవాళ్లు ఉంటారని ప్రభుత్వానికి గుర్తురావడానికి 24 ఏళ్లు పట్టింది. ఆ మొదటి ఏడాది అందుకున్నవారిలో పి.టి. ఉష కోచ్ నంబియార్ గారు ఒకరు. (ఏకలవ్యుడి బొటనవేలు అడిగిన గురువు పేరే ఎందుకు పెట్టారో నాకు అర్థం కాదు. అది వేరే విషయం.)

అసలు ఈ వ్యాసం రాయడానికి కారణం వేరే ఉంది. చెప్పుకోవడానికి గొప్ప సంగతి కాదు.

కిందటేడాది తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. కబడ్డీ బాగా ఆడేది. నాకు ఆట తెలియదు గానీ, కూతకు వెళ్లినప్పుడు ఎదుటి జట్టు వెనక్కి తగ్గడం కారిడార్‌లోంచి చూశాను. ఇంగ్లీషులో మాత్రం వెనకబడేది. యూనిట్ టెస్ట్ దగ్గరపడుతుంటే పి.ఇ.టి. సార్ దగ్గరికి వెళ్లి, “ఈ రెండు వారాలు గేమ్స్ పీరియడ్ నాకిస్తారా సార్? సిలబస్ మిగిలిపోయింది” అని అడిగాను. “తీసుకోండి మేడమ్” అన్నారు. రెండు వారాలు రెండు నెలలయ్యాయి. నేను మళ్లీ అడగలేదు, ఆయన మళ్లీ వద్దనలేదు. మధ్యలో ఒకసారి మాత్రం, జిల్లా సెలక్షన్స్ ఉన్నాయి, ఆ పాపను సాయంత్రాలు పంపగలరా అన్నారు. టెస్ట్ అయ్యాక చూద్దాం సార్ అన్నాను. టెస్ట్ అయ్యేసరికి సెలక్షన్స్ అయిపోయాయి.

ఆ అమ్మాయికి ఇంగ్లీషులో ఆరు మార్కులు పెరిగాయి. పేరెంట్స్ మీటింగ్‌కి వాళ్ల నానమ్మ వచ్చింది. ఆ మార్కుల సంగతి ఎంతో గర్వంగా చెప్పాను. ఆవిడ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి అంది: “మార్కులు బాగానే ఒచ్చినాయమ్మా. గాని గుంట మునపట్లాగ నేదు. ఇస్కూల్నించి ఒచ్చి ముసుగెట్టుకొని తొంగుంటాది. ఆటలెందుకు ఆపీసినారమ్మా?”

పదో తరగతి వస్తోంది కదండీ అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. వెనక లైన్లో ఇంకా పదిమంది పేరెంట్స్ ఉన్నారు.

కాలేజీలో ఆడుతున్న పిల్లలకు ఫోన్లు చేస్తున్నన్ని రోజులూ ఆ మాట నా చెవిలో ఉంది. ఇంకో నాలుగేళ్లకు ఎవరో ఒక టీచర్ ఇలాగే షీట్ పట్టుకుని ఫోన్లు చేస్తుంది. ఆ అమ్మాయి నంబరు ఆ లిస్టులో ఉండకపోవచ్చు. ఉండేదేమో కూడా చెప్పలేం. అది తెలుసుకునే అవకాశం లేకుండా చేసింది నేను.

గేమ్స్ పీరియడ్‌లో కూడా స్టడీ అవర్ పెట్టండి అని మీటింగుల్లో మీలో కొందరు అడుగుతుంటారు. మిమ్మల్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు, మీరు అడగకముందే ఆ పని చేశాను. మీరు కట్టే ఫీజు ఎలా వస్తుందో నాకు తెలుసు. నన్ను చదివించడానికి మా నాన్న జీడితోట మీద అప్పు తెచ్చారు. ఆడితే పతకం వస్తుంది, ఉద్యోగం వస్తుంది అని కూడా చెప్పను. ఎక్కువమందికి రావు. విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అనే ఊళ్లో ఎందరో బరువులెత్తారు, ఎత్తుతున్నారు. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల దాకా వెళ్లిన మత్స సంతోషి ఆ ఊరి అమ్మాయే. వేదిక మీద ఆమె అందుకున్నది కాంస్యం. మొదటి స్థానంలో నిలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికాక అది రజతమైంది. ఆమె పేరు పేపర్లో వచ్చింది. పొద్దున్నే లేచి అదే బరువులెత్తి, ఏ పేపర్లోనూ రాకుండా కాలేజీకో పొలానికో వెళ్లిపోయిన పిల్లలు ఆ ఊళ్లో ఎందరో. వాళ్లు సమయం వృథా చేసుకున్నారని నేననలేను.

షీట్‌లో ఐదో కాలమ్ కావాలని ప్రిన్సిపాల్ గారిని అడిగాను. ‘నేర్పినవారు’ అని. బోర్డు కొలతలు మారతాయి, డబ్బులు ఎక్కువవుతాయి అన్నారు. రెండు రోజులకు సరే అన్నారు. మళ్లీ అందరికీ ఫోన్లు చేశాను. ఒక్కొక్కరి దగ్గర ఒక్క పేరుతో సరిపోలేదు. మన పి.ఇ.టి. సార్ పేరు, తర్వాత కాలేజీ కోచ్ పేరు, అంతకుముందు ఊళ్లో ఆడించిన గవర్నమెంటు స్కూల్ మాస్టారి పేరు. ఖోఖో అమ్మాయి కాసేపు తటపటాయించి, “మా మావయ్య పేరు రాయొచ్చా మేడమ్?” అంది. ఆయనకు ఆట రాదు. ఆటో నడుపుతాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేపి, గిరాకీ మానుకుని గ్రౌండ్‌కి తీసుకెళ్లి, ఆట అయ్యేదాకా ఆటోలో కూర్చునేవాడట. రాశాను.

మీ పెద్ద పిల్లలెవరైనా ఇక్కడ చదివి ఇప్పుడు కాలేజీలో ఆడుతుంటే, పేరు, ఆట, సంవత్సరం ఒక కాగితం మీద రాసి ఆఫీసులో ఇవ్వండి. నేర్పినవారి పేరు తప్పకుండా రాయండి. ఒకటికి మించి ఉన్నా ఫర్వాలేదు.

ఆ కబడ్డీ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. నేను క్షమించమని అడిగితే ఇబ్బందిగా నవ్వి, “ఫర్లేదు మేడమ్” అంది. అప్పుడప్పుడు గ్రౌండ్‌లో కనబడుతోంది. ముందున్నంత చురుగ్గా మాత్రం లేదు.

మొన్న బోర్డు ప్రూఫ్ వస్తే పి.ఇ.టి. సార్‌కి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని ఒక్కో వరుసా వేలు పెట్టి చదివారు. “ఈ అబ్బాయి ఇంటిపేరు తప్పుపడింది మేడమ్, దిద్దించండి” అన్నారు. తన పేరు మీద వేలు ఆగలేదు. కాగితం తిరిగిచ్చేస్తూ, అలవాటు కొద్దీ అడిగారు. “శుక్రవారం ఆఖరి పీరియడ్ కావాలా మేడమ్?”

వద్దు సార్ అన్నాను.