చిక్‌పేట లాడ్జిలో ఒక రాత్రి

కుందలహళ్ళిలో మా అమ్మాయి వాళ్ళది ఒక్క గది ఇల్లు. వియ్యంకుడు వాళ్ళు కూడా దిగారు. ఊరికి పోతున్నానని చెప్పి మెట్రో ఎక్కాను. మెజెస్టిక్‌లో రైలు మారి చిక్‌పేటలో దిగి, లాడ్జిలో ఆరు వందలకి గది తీసుకున్నాను. మంచం, ఫ్యాను, బకెట్టు, అంతే.

కెంపేగౌడ 1537లో కట్టించిన పేట ఇది. ఇరుకు సందులు, ఎటు చూసినా చీరల మూటలు. రాత్రి కబ్బన్‌పేట వైపు నడిస్తే ఒక ఇంట్లో పవర్‌లూమ్ ఆడుతోంది. మన మిల్లులో సగం చెవి పోగొట్టుకున్నానా, ఆ చప్పుడు మాత్రం బాగా వినపడింది. గుమ్మంలోంచే చూసి, "పడుగులో పోగు తెగింది బాబూ" అన్నాను. అతను మగ్గం ఆపి చూసుకున్నాడు. తెలుగువాడే! టీ ఇప్పించాడు.

పొద్దున అమ్మాయి ఫోను: "ఊరు చేరావా నాన్నా?" అబద్ధం నోట రాలేదు. "మేముండగా లాడ్జిలోనా?" అని ఏడ్చింది. సాయంత్రానికి మళ్ళీ కుందలహళ్ళి పోయి, వియ్యంకుడి పక్కనే చాప వేసుకున్నాను.