వీధిలో విందు

ఒక ఊరిని చూడడానికి రెండు దారులున్నాయి. టిక్కెట్టు కొని చూడడం ఒకటి. చార్మినారును 1591లో కట్టారని చెప్పే మనిషి వెంట మెట్లెక్కి, నాలుగు ఫోటోలు తీసుకుని, కాళ్ళు పీకుతున్నాయంటూ ఇంటికి వస్తాము. రెండవది, సాయంకాలం జేబులో కాస్త చిల్లర వేసుకుని బయలుదేరి, ఎక్కడ నూనె చుయ్యిమంటే అక్కడ ఆగిపోవడం. ఇరవై ఏళ్ళుగా హైదరాబాదులో ఒక కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకుంటున్న నేను, ఈ ఊరిని రెండవ దారినే ఎక్కువగా చూశాను.

అయితే మన ఇళ్ళలో ఈ దారికి అంత మర్యాద లేదు. ‘బజారు తిండి’ అనే మాటలోనే ఒక ఈసడింపు ఉన్నది. మా మామ్మ అయితే, “వీధిలో నిలబడి తినేవాడికి ఇల్లూ వాకిలీ లేవుట్రా?” అనేది. ఆవిడ తిట్టుగానే అన్నది గాని, ఆలోచిస్తే అది నిజంగా అడగవలసిన ప్రశ్నే. వీధిలో తినేవాళ్ళలో సగం మందికి ఈ ఊళ్ళో ఇల్లు లేదు. ఉన్నా, ఆ ఇంట్లో పొయ్యి వెలిగించే మనిషి లేదు.

ఏటేటా పిల్లలకు క్రీడాభిరామం గురించి చెబుతూ ఉంటాను. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు కాకతీయుల ఓరుగల్లులో ఒక రోజల్లా వీధులు తిరుగుతారు. ఆకలి వేస్తే చుట్టరికం చెప్పుకుని ఎవరి గుమ్మమూ ఎక్కరు. పూటకూళ్ళ ఇంటికి వెళతారు. మేలురకం బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పెసరపప్పు, అరటిపళ్ళు, గడ్డ పెరుగు, ఇదంతా ఒక్క రూకకు! ఇంత చెప్పేసరికి క్లాసులో కుర్రాళ్ళకు నోరూరుతుంది. ఒకసారి ఒకడు లేచి, “మంచనశర్మ మిర్చిబజ్జీ తినలేదా సార్?” అన్నాడు. అందరూ నవ్వారు. తినలేదు, తిందామన్నా ఆనాడు మనకు మిరపకాయే లేదు. అది అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసువారి ఓడలెక్కి, 16వ శతాబ్దంలో మన దేశంలో దిగింది. అంతకు ముందు మన వంటలలో కారమంటే ముఖ్యంగా మిరియాలదే. ఈనాడు మన ఇంటి సొత్తని మీసం మెలివేసే మిరపకాయ కూడా ఒకనాడు వలస వచ్చిందే నన్నమాట.

ఆ మాటకు వస్తే హైదరాబాదు వీధిలో వలస రాని వస్తువు ఏమున్నది? టీ హోటళ్ళు పెట్టినవారు ఇరాను నుంచి వచ్చారు. దోశె దక్షిణాన్నుంచి వచ్చింది. దానిమీద వెన్న ముద్దలు ముద్దలుగా వేయడం మాత్రం ఈ ఊరివారి చలవ. గోధుమలూ, మాంసమూ, పప్పులూ గంటల తరబడి ఉడికించి, కర్రలతో మెదిపే హలీము అరబ్బుల వంటకానికి చుట్టం. మేము శాకాహారులం కనుక దాని రుచి చెప్పే అధికారం నాకు లేదు గాని, 2010లో భౌగోళిక గుర్తింపు పొంది అది ‘హైదరాబాదీ’ అయిపోయిందని మాత్రం తెలుసు. మాటలూ అంతే. మన ‘బండి’ని ఇక్కడి ఉర్దూవారు తీసుకున్నారు, వారి ‘మిర్చి’ని మనం బజ్జీకి తగిలించాము. ఎవరూ ఎవరికీ బాకీ లేరు.

ఇవన్నీ పుస్తకాలు చదివినవాడు చెప్పే కబుర్లు. వీధి తిండి ఒక మనిషికి ఏం చేయగలదో నేను చూసింది మా నాన్నగారి వల్ల.

మాది కోనసీమ. నాన్నగారు ముప్ఫై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. డెబ్భై ఆరేళ్ళ వయస్సు. జన్మలో హోటలు మెట్లెక్కిన మనిషి కారు. రైలు ప్రయాణమైతే అమ్మ పులిహోర కలిపి, పెరుగన్నం మూటకట్టి ఇవ్వవలసిందే. అమ్మ పోయింది. ఏడాదిపాటు మా మేనత్త ఆయనకు వండిపెట్టింది. సంవత్సరీకాలు కాగానే నేను వెళ్ళి, ఇల్లు తాళం పెట్టించి, ఆయనను మా ఇంటికి తీసుకువచ్చాను.

వచ్చిన దగ్గరనుంచి ఆయన తిండి తగ్గిపోయింది. విస్తట్లో అన్నం కెలికి, మజ్జిగ పోయించుకుని లేచిపోయేవారు. డాక్టరు పరీక్షలన్నీ చేసి, “జబ్బేమీ లేదు, కాస్త సుగరున్నది. సాయంత్రం నడిపించండి” అన్నాడు. మా ఆవిడ పడిన అవస్థ చూడాలి! అత్తగారి చేతివంట ఆవిడకు బాగా తెలుసు. పనసపొట్టు కూర, కందా బచ్చలి, ముక్కల పులుసు, అన్నీ అచ్చంగా అమ్మ చేసినట్టే చేసి వడ్డించేది. ఎంత అచ్చంగా చేస్తే ఆయన అంత తక్కువ తినేవారు. ఒకరాత్రి వంటింట్లో, “ఏమండీ, మామయ్యగారికి నా వంట సయించడం లేదు” అంటూ కళ్ళు తుడుచుకున్నది. ఆయన బరువు రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గింది.

డాక్టరు చెప్పినట్టు నడక మొదలుపెట్టాము. మా ఇల్లు చిక్కడపల్లి వైపు. ఒకరోజు మెట్రో ఎక్కి సుల్తాన్ బజారులో దిగి, కోఠీ మీదుగా మొజంజాహీ మార్కెట్టు దాకా నడిచాము. 1935లో కట్టిన ఆ రాతి భవనం ముందు నిలబడి నాన్నగారు దాని గడియార స్తంభాన్ని చాలాసేపు చూశారు. కాళ్ళు లాగుతున్నాయన్నారు. కూర్చోవడానికి దగ్గరలో ఉన్నది ఒక ఇరానీ హోటలు. తటపటాయిస్తూనే లోపలికి వచ్చారు.

ఇరానీ టీ కాచే పద్ధతి వేరు. టీ నీళ్ళు మూతపెట్టిన గిన్నెలో సన్నని సెగమీద మగ్గుతూ ఉంటాయి. పాలు ఇంకొక గిన్నెలో చిక్కబడేదాకా కాగుతాయి. రెండూ కలిసేది కప్పులోనే. పక్కన ఉస్మానియా బిస్కట్టు పెడతారు; తీపిలో కాస్త ఉప్పు తగిలే బిస్కట్టు. నాన్నగారు కప్పు ఎత్తి ఒక గుక్క తాగారు. సాసరులో పోసుకుని రెండవ గుక్క తాగారు. బిస్కట్టు టీలో ముంచారు. “సుగరు, నాన్నగారూ” అన్నాను. వినిపించుకోలేదు. కప్పు ఖాళీ చేసి, నెమ్మదిగా అన్నారు:

“మీ అమ్మ ఎన్నడూ టీ పెట్టలేదురా. మన ఇంట్లో కాఫీయే.”

ఆ మాటలో సంగతి ఇంటికి వచ్చి పడుకున్నాక గాని నాకు అందలేదు. మా ఇంట్లో ఏ కంచంలో చూసినా ఆయనకు అమ్మే కనబడుతున్నది. ముక్కల పులుసు బాగుంటే ఆవిడ జ్ఞాపకం. బాగుండకపోతే మరీ జ్ఞాపకం. ఈ టీలో ఆవిడ లేదు. అందువల్ల గొంతు దిగింది.

మరునాడు నేను దారి మార్చాను. అమ్మ వండని వస్తువు ఎక్కడ దొరుకుతుందా అని చూస్తే, మా ఇంటికి కూతవేటు దూరంలోనే జొన్నరొట్టెల బండి కనిపించింది. పాలమూరు జిల్లా నుంచి వచ్చిన ఒకావిడ, భర్తా నడుపుతారు. ఆవిడ వేడినీళ్ళతో పిండి కలిపి, అరచేత్తో టపటపా తట్టి, చక్రంలా తిరిగే రొట్టెను పెనం మీద పరుస్తుంది. తడిబట్టతో పైన ఒకసారి నిమిరి తిరగవేస్తుంది. భర్త కట్టెల మంట సరిచేస్తాడు. రొట్టెతోపాటు వంకాయ కూర, పల్లీల పచ్చడి, ఒక ఉల్లిపాయ చీలిక. మా కోనసీమలో జొన్న పండించరు. మా వంటింట్లో జొన్నరొట్టె అన్నమాటే పుట్టలేదు.

నాన్నగారు ఒక రొట్టె తిన్నారు. చేయి కడుక్కోబోతుంటే ఆవిడ ఊరుకోలేదు. “ఏంది బాపూ, ఒక్కటికే సాలన్నవు? మంచిగ తిను. ఇంకోటి ఏస్తున్న” అంటూ అడగకుండానే వేసింది. కోడలు బ్రతిమాలితే తినని మనిషి, ముక్కూ మొహమూ తెలియని ఆవిడ గదమాయిస్తే రెండవ రొట్టె తిన్నారు!

ఆ బండి దగ్గర చేరేవాళ్ళు ఎక్కువగా కుర్రాళ్ళు. చిక్కడపల్లి గ్రంథాలయంలో పొద్దున్నుంచి కూర్చుని, సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదువుకునేవాళ్ళు. ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు ఉంటారు. వండుకోవడానికి చోటూ లేదు, తీరికా లేదు. ఒక సాయంత్రం ఇద్దరు రొట్టె తింటూనే ఒక లెక్కమీద వాదులాడుకుంటున్నారు. ఒక గొట్టం 6 గంటలలో తొట్టి నింపుతుంది, రెండవది 9 గంటలలో నింపుతుంది, మూడవది నిండు తొట్టిని 18 గంటలలో ఖాళీ చేస్తుంది. మూడూ ఒకేసారి విప్పితే తొట్టి ఎప్పటికి నిండుతుంది?

“నాలుగున్నర గంటలు” అన్నారు నాన్నగారు, రొట్టె తుంచుతూ.

వాళ్ళు తల తిప్పి చూశారు. ఎలాగో చెప్పమన్నారు. తొట్టిని పద్ధెనిమిది భాగాలనుకోమన్నారు ఆయన. మొదటి గొట్టం గంటకు మూడు భాగాలు, రెండవది రెండు పోస్తాయి. మూడవది ఒకటి తోడేస్తుంది. మిగిలేవి గంటకు నాలుగు. పద్ధెనిమిదిని నాలుగు పెట్టి భాగించండి! మరునాటినుంచి వాళ్ళు కాగితాలతో రావడం మొదలుపెట్టారు. ఈయన సాయంత్రం అయిదింటికే చొక్కా తొడుక్కుని, “నువ్వు రాకపోయినా ఫరవాలేదు, దారి తెలుసు” అనడం మొదలుపెట్టారు.

ఇలా నెలన్నర గడిచాక ఒకరోజు ఉత్త చేతులతో తిరిగివచ్చారు. రోడ్డు పనుల పేరుతో ఆ వరుసలోని బండ్లన్నిటినీ తీయించివేశారట. ఆవిడ ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. ఆ రాత్రి ఆయన మళ్ళీ మజ్జిగ పోయించుకుని లేచిపోయారు.

వీధి వ్యాపారుల బ్రతుకుతెరువును కాపాడడానికి 2014లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. అమ్మకానికి ధ్రువపత్రం ఇవ్వాలి; అది ఉన్నవారిని వారి చోటునుంచి కదిలించాలంటే ముప్ఫై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి; ఊరి కమిటీలో నూటికి నలభైమందికి తగ్గకుండా వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. చట్టం మంచిదే. కాని పెనమూ, పిండిడబ్బా నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయే మనిషికి ఆ చట్టం చదివి చెప్పేదెవరు? రోడ్డు వెడల్పు కావలసిందే. మనమూ ఆ రోడ్డుమీదే నడుస్తాము. బండి తీసేటప్పుడు దానికి ఇంకొక చోటు చూపడం కూడా రోడ్డుపనిలో భాగమే అనుకుంటే ఎంత బాగుంటుంది!

ఆవిడను వెతికి పట్టుకున్నవారు నాన్నగారి శిష్యులే. నాలుగు సందుల అవతల, ఒక మూతపడ్డ కొట్టు అరుగుపక్కన పొయ్యి పెట్టుకున్నదని కబురు తెచ్చారు. ఆ సాయంత్రం నేనూ వెంట వెళ్ళాను. “వచ్చినవా బాపూ! నీ పోరగాళ్ళు ఎదురుసూస్తున్నరు” అన్నదావిడ. ధ్రువపత్రం కోసం దరఖాస్తు నింపే పని ఒక కుర్రాడు తలకెత్తుకున్నాడు. అందులో ఒక వాక్యం నాన్నగారు సరిదిద్దారు. తరవాత నన్ను మరొకసారి చూడమన్నారు, తెలుగు మేష్టారిని గదా!

తిరిగివచ్చేటప్పుడు ఒక మిర్చిబజ్జీల బండి దగ్గర ఆయనే ఆగారు. చింతపండూ, నువ్వులూ నూరిన ముద్ద కాయలో కూరి వేస్తున్నాడు బండివాడు. ఒకటి కొరికి, “మీ అమ్మ వాము మాత్రమే కూరేది. పులుపు లేకపోతే బజ్జీకి అందమేమిటని నేననేవాణ్ణి, చేసిపెట్టే మనిషి దొరికిందని వంకలు పెడుతున్నారా అనేది” అన్నారు. నవ్వారు కూడా. అమ్మ పోయిన తరవాత ఆయన తనంతట తాను ఆవిడ మాట అంతసేపు మాట్లాడడం అదే మొదలు. ఇల్లు చేరేదాకా మాట్లాడుతూనే ఉన్నారు. పెళ్ళయిన కొత్తలో గోదావరి రేవులో లాంచీ తప్పిపోయిన సంగతి నాకు ఆనాడే తెలిసింది.

ఇంటివంటకు వీధి తిండి పోటీ అని మనం భయపడతాము. అందులో శుచీ శుభ్రమూ చూసుకోవలసిన మాట నిజమే. నేను నీళ్ళ బిందె మూత చూడనిదే, నూనె రంగు గమనించనిదే ఏ బండి దగ్గరా చేయి చాపను. కాని ఇంట్లో తినలేని మనిషిని మళ్ళీ ఇంటి విస్తరి ముందుకు తెచ్చి కూర్చోబెట్టిన ఆ రొట్టెను బజారు తిండి అనడానికి ఇప్పుడు నాకు నోరు రాదు.

మొన్న ఆదివారం మా ఆవిడ ముక్కల పులుసుకు గుమ్మడికాయ తరుగుతూ, బెల్లం ఎంత వేయాలో అత్తగారి కొలత జ్ఞాపకం చేసుకుంటున్నది. వసారాలో పేపరు చదువుకుంటున్న నాన్నగారు తల ఎత్తకుండానే అన్నారు:

“అమ్మాయ్, మీ అత్తయ్య చేసినట్టు అక్కర్లేదమ్మా. మీ పుట్టింట్లో ఎలా చేస్తారో అలా చెయ్యి. ఆ రుచీ చూద్దాం.”